పిల్లల ఆపరేషన్లో రక్తం: సీసాల్లో కాదు, మిల్లీలీటర్లలో లెక్కపెట్టండి

(ఒడిశాలోని రాయగడలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రక్తదాతల ముందు పిల్లల మత్తు వైద్యుడొకరు చేసిన ప్రసంగం. రికార్డు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. ఇక్కడ సగానికి పైగా తెలుగువాళ్ళమే ఉన్నాం కాబట్టి తెలుగులోనే చెప్తాను. ఒడియా సిస్టర్లకి పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త అందించండి.

మొదట ఒక లెక్క. మూడు కిలోల పసిబిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఎంతుంటుంది? నెలలు నిండి పుట్టిన బిడ్డకి కిలోకి 80 నుంచి 90 మిల్లీలీటర్లు. అంటే 255 అనుకోండి. అర లీటరు పాల ప్యాకెట్టులో సగం. అందులో పదో వంతు పోతే 25 మిల్లీలీటర్లు. థియేటర్లో మనం వాడే పది సెంటీమీటర్ల చదరపు గాజుగుడ్డ పూర్తిగా తడిస్తే సుమారు పది మిల్లీలీటర్లు పీలుస్తుంది. రెండున్నర గుడ్డలు తడిస్తే ఆ బిడ్డ రక్తంలో పదో వంతు పోయినట్టే. అరవై కిలోల మనిషికి ఇదే పదో వంతు 420 మిల్లీలీటర్లు, దాదాపు ఒక దాత ఇచ్చే బ్యాగు. పెద్దవాళ్ళ థియేటర్లో రెండు గుడ్డలు ఎర్రబడితే ఎవరూ తల తిప్పి చూడరు. పిల్లల థియేటర్లో అలా కుదరదు.

కాబట్టి పిల్లల ఆపరేషన్ అనగానే "ఒక బాటిల్ పెట్టుకోండి" అనే మాట మానెయ్యాలి. కిలోకి ఎన్ని మిల్లీలీటర్లు, అదొక్కటే మాట. వయసుని బట్టి కొంచెం మారుతుంది: నెలలు నిండని బిడ్డకి 90 నుంచి 100, ఏడాది లోపు 80, ఆ పైన 70, 75.

ఎంత పోయేదాకా ఆగవచ్చో ఆపరేషన్‌కి ముందే కాగితం మీద వెయ్యాలి. ఎనిమిది కిలోల పిల్లాడు, హిమోగ్లోబిన్ 11. రక్తం 640 మిల్లీలీటర్లు. 7 దాకా దిగనివ్వచ్చు అనుకుంటే, 11 లోంచి 7 తీస్తే 4. నాలుగుని పదకొండుతో భాగించి 640తో గుణించండి: 232. అదే పిల్లాడు 8 హిమోగ్లోబిన్‌తో వచ్చాడనుకోండి, లెక్క 80కి పడిపోతుంది. పిల్లాడు అదే, కత్తి అదే, చేతిలో ఉన్న వెసులుబాటు మూడో వంతు. అందుకే హెర్నియా, దిగని వృషణం, పెదవి చీలిక లాంటి ఆగగలిగే ఆపరేషన్లకి ముందు ఐరన్ వేసి, నులిపురుగుల మందు వేసి, నెల రోజులు ఆగమంటాం. పెదవి చీలికకి పాత సర్జన్ల పదుల సూత్రం ఉంది: పది వారాల వయసు, పది పౌన్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్. ఆ మూడో పది ఊరికే పెట్టలేదు. అన్నట్టు, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవళ్ళలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకి ఐరన్ తక్కువుందని టెస్టులో తేలకుండా ఐరన్ పొయ్యకండి.

పోయిన రక్తాన్ని కళ్ళతో అంచనా వేస్తే మోసపోతాం. గుడ్డల్ని తూకం వెయ్యండి. ఒక గ్రాము తేడా చూపించే తూకం చాలు, పెద్ద ఖర్చు కాదు. పొడి గుడ్డ బరువు తీసేస్తే మిగిలిన గ్రాములే మిల్లీలీటర్లు. సక్షన్ జార్‌లో ఉన్నదాంట్లోంచి కడగడానికి పోసిన సెలైన్ తీసెయ్యాలి. బిడ్డ వీపు కింద షీటు కూడా ఎత్తి చూడండి, చాలాసార్లు అసలు రక్తం అక్కడే ఉంటుంది. బీపీ బాగుంది కదా అని ధీమా పడకండి. పిల్లలు ముప్పై శాతం దాకా పోయినా బీపీని నిలబెట్టుకోగలరు, గుండె వేగం పెంచుకుని, చేతులూ కాళ్ళూ చల్లబరుచుకుని. బీపీ దిగిందంటే ఆలస్యమైపోయిందని అర్థం.

రక్తం పోవడానికీ షాక్‌కీ, అంటే ఒంట్లో రక్తప్రసరణ కుప్పకూలడానికీ, ఉన్న లంకెని తేల్చినవాడు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే సర్జన్, 1930 ప్రాంతంలో అమెరికాలో, ల్యాబ్‌లో వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడి చేతుల మీద. దెబ్బ తగిలిన చోట పుట్టిన విషమేదో షాక్ తెప్పిస్తుందని అప్పట్లో చాలామంది నమ్మకం. కాదు, నాళాల్లోంచి రక్తం, ద్రవం కారిపోవడమే కారణమని వీళ్ళు కొలిచి చూపించారు. ఆ ఇద్దరే 1944 నవంబరులో జాన్స్ హాప్కిన్స్‌లో, పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టౌసిగ్ అడిగిన మీదట, గుండె లోపంతో ఒళ్ళు నీలంగా మారిన పదిహేను నెలల పాపకి గుండె దగ్గర నాళాలు కలిపారు. షాక్ పరిశోధనా, పిల్లల గుండె సర్జరీ ఒకే ల్యాబ్‌లోంచి రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. రక్తం లెక్క తెలియనివాడు అంత చిన్న పాప ఛాతీ తెరవడు.

ఇంకొంచెం వెనక్కి, 1908, న్యూయార్క్. ఐదు రోజుల పాపకి రక్తస్రావం ఆగడం లేదు. అలెక్సిస్ కారెల్ అనే సర్జన్, పాప తండ్రి మణికట్టు ధమనిని పాప కాలి సిరకి కుట్టి నేరుగా రక్తం పంపాడు. ఎంత వెళ్ళిందో కొలిచే దారే లేదు, పాప రంగు చూసి ఆపాలి. గ్రూపు కూడా చూడలేదు. పాప బతికింది. 1914, 15 లలో సిట్రేట్ కలిపితే రక్తం గడ్డ కట్టదని తేలాకే సీసాలో పట్టడం, కొలవడం, ఆగి ఆగి ఎక్కించడం సాధ్యమయ్యాయి. ఇవాళ 350 మిల్లీలీటర్ల బ్యాగులో ముందే 49 మిల్లీలీటర్ల ద్రావణం ఉంటుంది, అది ఆ సిట్రేట్ సంతానమే.

ఆ పాపకి వచ్చిన జబ్బు ఇవాళ ఒక్క మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజక్షన్‌తో రాకుండా పోతుంది. ఇంట్లో పుట్టిన బిడ్డని ఆపరేషన్‌కి తెస్తే మొదటి ప్రశ్న ఇదే అయి ఉండాలి: విటమిన్ కె పడిందా? మన ఏజెన్సీ ఊళ్ళలో ఈ ప్రశ్నకి 'లేదు' అనే జవాబు ఇంకా వస్తుంది. వేసి, ఆ తర్వాతే కత్తి.

ఇప్పుడు తండ్రి సంగతి. కారెల్ కాలంలో తండ్రి రక్తమే దిక్కు. ఇప్పుడు కూడా వార్డు బయట తండ్రి చెయ్యి చాపి నిలబడతాడు, "నా బిడ్డకి నా రక్తమే ఎక్కించండి, బయటి రక్తం వద్దు" అని. ప్రేమ అర్థమవుతుంది, కానీ ఒప్పుకోకూడదు. దగ్గరి బంధువు తెల్లకణాలు బిడ్డ ఒంట్లోకి వెళ్తే, పోలికలు కలవడం వల్ల బిడ్డ శరీరం వాటిని పరాయివని గుర్తుపట్టదు, తరిమెయ్యదు. అవి మాత్రం బిడ్డ చర్మాన్నీ పేగునీ కాలేయాన్నీ మూలుగనీ పరాయివిగా చూసి దాడి చేస్తాయి. వారం, పది రోజులకి జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, విరేచనాలు, కణాలన్నీ పడిపోవడం. ఇది వస్తే బతికేవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. మనలో మేనరికాలు ఎక్కువ, పోలికలు కలిసే అవకాశం ఇంకా ఎక్కువ. బంధువు రక్తం ఇవ్వక తప్పకపోతే బ్యాగుని 25 గ్రే రేడియేషన్‌కి పెట్టాలి. ఆ యంత్రం ప్రతి జిల్లాలో ఉండదు. తెల్లకణాల ఫిల్టర్ వేశాం కదా అంటారు, అది ఈ జబ్బుకి పూర్తి కాపలా కాదు. కాబట్టి తండ్రికి చెప్పాల్సింది ఇదీ: "బాబూ, నీ రక్తం బ్యాంకుకి ఇయ్యి, ఇంకో బిడ్డకి పనికొస్తుంది. నీ బిడ్డకి ఇంకొకరిది ఎక్కిస్తాం."

దాతలు వచ్చారు కాబట్టి ఒక మాట. 45 కిలోలు దాటితే 350, 55 దాటితే 450 తీసుకోవచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. మలేరియా వచ్చి తగ్గినవాళ్ళు మూడు నెలలు ఆగాలి. మన జిల్లాలో వానలు వెళ్ళగానే ఈ ఒక్క నిబంధన వల్లే సగం క్యాంపు వెనక్కి వెళ్తుంది. అందుకని పెద్ద క్యాంపులు ఎండాకాలం మొదట్లో పెట్టుకోండి. కానీ ఎర్రకణాలు 35 రోజులే ఉంటాయి, కొత్త ద్రావణం కలిపితే 42. ఒక్కరోజు రెండొందలమంది ఇచ్చేసి తర్వాత మూడు నెలలు ఎవరూ రాకపోతే లాభం లేదు. నెలనెలా కొద్దిమంది రండి.

ఎప్పుడు ఎక్కించాలి? హిమోగ్లోబిన్ పది లోపుంటే ఎక్కించెయ్యడం పాత అలవాటు. కెనడా డాక్టరు జాక్ లాక్రోయి బృందం 2007లో 637 మంది ఐసీయూ పిల్లల్ని రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపుకి 9.5 కంటే దిగితే, రెండో గుంపుకి 7 కంటే దిగితేనే. ఫలితాల్లో తేడా లేదు. రెండో గుంపులో 54 శాతం పిల్లలకి అసలు రక్తమే పడలేదు. అయితే వాళ్ళంతా నిలకడగా ఉన్న పిల్లలు. రక్తం కారుతూ ఉన్న బిడ్డకీ, నీలి గుండె జబ్బు ఉన్న బిడ్డకీ, అప్పుడే పుట్టినవాళ్ళకీ ఈ ఏడు అంకె వర్తించదు. ఈ మినహాయింపు చదవకుండా అంకె ఒక్కటే గోడకి అంటించుకున్న వార్డులు ఉన్నాయి.

ఎంత ఎక్కించాలి అంటే బరువు, పెంచాల్సిన గ్రాములు, నాలుగు, మూడింటినీ గుణించండి. పది కిలోల బిడ్డకి రెండు గ్రాములు పెంచాలంటే 80 మిల్లీలీటర్ల ప్యాక్డ్ సెల్స్, అంటే పైద్రవం చాలావరకు తీసేసిన ఎర్రకణాలు. మామూలు బ్యాగులో రెండువందల చిలుకు ఉంటుంది, మిగతాది పారబోతే. బ్యాంకువాళ్ళు ఒక దాత బ్యాగుని ముందే నాలుగు చిన్న సంచుల్లోకి, మూత తెరవకుండా పంచిపెడితే ఆ బిడ్డకే నాలుగుసార్లు ఒకే దాత రక్తం ఇవ్వచ్చు. నలుగురు దాతల ముప్పు ఒకరికి తగ్గుతుంది. టెక్నీషియన్లూ, అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకి కూడా ఈ సంచులున్నాయని చెప్పండి.

ఫ్రిజ్ దాటిన అరగంటలో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో పూర్తి చెయ్యాలి. రక్తం సెట్టుకి 170 నుంచి 200 మైక్రాన్ల ఫిల్టర్ ఉంటుంది. మామూలు బ్యూరెట్ సెట్టుకి అది ఉండదు, దాంతో రక్తం పెడితే గడ్డలు ముక్కలు ముక్కలుగా బిడ్డలోకి పోతాయి. రక్తం సెట్టు సాధారణంగా మిల్లీలీటరుకి 20 చుక్కలు. గంటకి 60 మిల్లీలీటర్లు కావాలంటే నిమిషానికి 20 చుక్కలు. సెట్టు కవరు మీద అంకె చూసుకోండి, కొన్నింటికి 15 ఉంటుంది. ఆ లైన్లో సెలైన్ తప్ప ఇంకేమీ వద్దు. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంది, సిట్రేట్ పట్టు వదిలి గడ్డ కడుతుంది. డెక్స్‌ట్రోజ్‌తో కణాలు ఉబ్బి పగులుతాయి. చల్లగా ఉందని వేడినీళ్ళ బకెట్లో ముంచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 42 డిగ్రీలు దాటితే కణాలు చిట్లుతాయి, కళ్ళకి ఏమీ కనపడదు, తర్వాత మూత్రం ఎర్రగా వస్తుంది. వార్మర్ ఉంటే వాడండి. లేకపోతే నెమ్మదిగా ఎక్కే రక్తానికి అసలు వేడి అక్కర్లేదు.

కిలోకి నలభై దాటి పోస్తున్నామంటే అది వేరే ప్రపంచం. పాత బ్యాగు ద్రవంలో పొటాషియం పేరుకుని ఉంటుంది. పెద్దవాడికి చెల్లిపోతుంది, మూడు కిలోల బిడ్డకి వేగంగా పోస్తే గుండె ఆగుతుంది. అందుకే పసిబిడ్డ పెద్ద ఆపరేషన్‌కి వారం లోపు రక్తం అడుగుతాం. సిట్రేట్ బిడ్డ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, పసి కాలేయం దాన్ని త్వరగా కరిగించలేదు. రక్తం పడుతున్నా బీపీ ఇంకా జారుతోందంటే ఇంకా రక్తం అనకముందు కాల్షియం సంగతి ఆలోచించండి. పది శాతం కాల్షియం గ్లూకోనేట్, కిలోకి అర మిల్లీలీటరు, మానిటర్ చూస్తూ నెమ్మదిగా, రక్తం లైన్లో కాకుండా వేరే లైన్లో.

ఇక మన ప్రాంతపు అసలు సమస్య, సికిల్ సెల్. ఇక్కడ కాసేపు ఆగుతాను.

బుర్లా మెడికల్ కాలేజీకి చెందిన బి.సి.కర్, జమైకాలో జీవితమంతా ఈ జబ్బు మీదే పనిచేసిన గ్రాహం సర్జెంట్, ఇంకొందరు కలిసి 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒడిశా రోగుల్ని జమైకా రోగులతో పోల్చి రాశారు. మనవాళ్ళలో పసితనపు హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగులుతుంది, కొన్ని బాధలు తక్కువ, కానీ బల్ల (ప్లీహం) పెద్దదవడం ఎక్కువ, అది పెద్దయ్యాక కూడా అలాగే ఉంటుంది. జమైకాలో చిన్నప్పుడే బల్ల ఎండి చిన్నదైపోతుంది. ఇది మన సర్జన్లకి రోజూ తగిలే సంగతి. ఇక్కడ పిల్లల బల్ల తీసే ఆపరేషన్ తరచు అవసరమవడానికీ, పైకి బాగానే కనిపించే పిల్లాడు థియేటర్లో సికిల్ అని తేలడానికీ కారణం ఇదే. హిమోగ్లోబిన్ తొమ్మిది ఉంది, ఆడుకుంటున్నాడు, ఎవరికీ అనుమానం రాదు. మత్తులో ఆక్సిజన్ తగ్గి, ఒళ్ళు చల్లబడి, రాత్రి నుంచి నీళ్ళు లేక ఎండి ఉంటే కణాలు కొడవళ్ళవుతాయి. రెండో రోజు ఛాతీ నొప్పి, ఎక్స్‌రేలో మచ్చ.

అందుకని మన జిల్లాల్లో ఆపరేషన్‌కి వచ్చే ప్రతి బిడ్డకీ సికిల్ టెస్టు. కరిగే పరీక్ష (సాల్యుబిలిటీ టెస్టు) పాజిటివ్ వస్తే జబ్బో, జబ్బు లేకుండా దాని జన్యువుని మోసేవాడో చెప్పదు, హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చెయ్యాలి. ఆరు నెలల లోపు కరిగే పరీక్ష నమ్మకండి, తీవ్రమైన రక్తహీనతలోనూ నమ్మకండి. అన్నిటికంటే ముఖ్యం, హెచ్‌పీఎల్‌సీ శాంపిల్ రక్తం ఎక్కించక ముందే తీసి పెట్టండి. ఒక్క బ్యాగు పడ్డాక తీస్తే దాత హిమోగ్లోబిన్ కలిసిపోయి రిపోర్టు జబ్బున్న బిడ్డని మోసేవాడిగా చూపించవచ్చు. ఆ తప్పు కాగితం బిడ్డతో పాటు ఏళ్ళ తరబడి తిరుగుతుంది.

ముందే రక్తం ఎక్కించాలా వద్దా అని ఇంగ్లండ్ వాళ్ళ నాయకత్వంలో ఒక పరీక్ష జరిగింది, 2013లో లాన్సెట్‌లో వచ్చింది. చిన్న, మధ్యరకం ఆపరేషన్లు. ఎక్కించని గుంపులో 39 శాతం మందికి ఇబ్బందులు, ఎక్కించిన గుంపులో 15. పరీక్షని మధ్యలోనే ఆపేశారు. దానికి ముందు 1995లో అమెరికాలో విచిన్స్కీ బృందం, హిమోగ్లోబిన్ పదికి తెస్తే చాలని, సికిల్ హిమోగ్లోబిన్ శాతాన్ని ముప్పైకి దించే దాకా రక్తం మార్పిడి చెయ్యడం వల్ల అదనపు లాభం లేదని, పైగా రక్తం వల్ల వచ్చే చిక్కులు రెట్టింపని చూపించింది. ఈ రెండూ కలిపి చదవండి: ఎక్కించండి, పది దగ్గర ఆగండి. ఇరవై కిలోల పాప, హిమోగ్లోబిన్ 7.5. రెండున్నర, ఇరవై, నాలుగు: 200 మిల్లీలీటర్లు. పదకొండు దాటితే రక్తం చిక్కబడి మనం తప్పించాలనుకున్న ప్రమాదాన్నే తెచ్చిపెడుతుంది.

బల్లలో రక్తం ఒక్కసారిగా ఇరుక్కుని హిమోగ్లోబిన్ మూడు, నాలుగుకి పడిపోయిన బిడ్డ వస్తే, చేతులు వణికినా కిలోకి ఐదు మిల్లీలీటర్ల చొప్పునే మొదలుపెట్టండి. బల్ల వదలగానే ఇరుక్కున్న రక్తం వెనక్కి వస్తుంది, హిమోగ్లోబిన్ మనం పోసినదానికంటే ఎక్కువ పెరుగుతుంది. బల్ల తీసేటప్పుడు కూడా ధమనిని ముందు కడతాం, సిరని తర్వాత. మధ్యలో బల్ల తనలోని రక్తాన్ని బిడ్డకి తిరిగి ఇస్తుంది. ప్లేట్‌లెట్లు ఇవ్వాల్సి వస్తే ధమని కట్టాకే, ముందిస్తే బల్లే మింగేస్తుంది. న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కి రెండు వారాల ముందు పడాలి. నీళ్ళు, పంచదార నీళ్ళు రెండు గంటల ముందు వరకూ తాగనివ్వండి. "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అని సికిల్ బిడ్డ తల్లికి చెప్పడం హాని చెయ్యడమే.

ఈ పిల్లలకి ఆర్‌హెచ్‌లో సి, ఇ, ఇంకా కెల్ అనే గ్రూపు గుర్తులు కూడా కలిసిన రక్తం చూడాలి. లేకపోతే యాంటీబాడీలు పుడతాయి. వారం, పది రోజులకి కళ్ళు పచ్చబడి, మూత్రం నల్లబడి, హిమోగ్లోబిన్ ఎక్కించక ముందున్నదానికంటే కిందికి పోతే, అది మలేరియా కూడా కావచ్చు, స్లైడ్ చూడండి. కానీ ఇంకో బ్యాగు తగిలించే ముందు, ఎర్రకణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ టెస్టుకి పంపండి. కొందరిలో ప్రతి కొత్త బ్యాగూ మంటలో నెయ్యే.

ఇవన్నీ కాక ప్రాణాలు తీసేది ఇంకొకటి ఉంది. తప్పు పేరు. మన సరిహద్దులో ఇది మరీ కష్టం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్ళు చివర. ఒకే పిల్ల ఒక కాగితం మీద బి.లక్ష్మి, ఇంకో దాని మీద లక్ష్మి బెహరా. వార్డులో ఇద్దరు 'బేబీ ఆఫ్ లక్ష్మి'లు ఉంటే చెప్పనక్కర్లేదు. పేరుతో పాటు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) లేని శాంపిల్‌ని ల్యాబ్ వెనక్కి పంపాలి, మొహమాటం లేకుండా. ట్యూబు మీద మంచం పక్కనే రాయాలి, నర్సుల స్టేషన్‌కి వచ్చాక గుర్తుపెట్టుకుని కాదు. ఎక్కించే ముందు ఇద్దరు కలిసి, బ్యాగు మీద నంబరూ చేతి పట్టీ నంబరూ బయటికి చదివి చూసుకోండి. నాలుగు నెలల లోపు బిడ్డ సీరంలో తన యాంటీబాడీలు ఇంకా ఉండవు, తల్లివే ఉంటాయి. అందుకని సీరంలోని యాంటీబాడీలతో గ్రూపు తేల్చే రివర్స్ గ్రూపింగ్ చెల్లదు, దాత రక్తంతో కలిపి చూసే క్రాస్ మ్యాచ్‌కి తల్లి శాంపిల్ కూడా కావాలి. పెద్ద పిల్లల్లో 'ఓ' అని వచ్చి ఏ 'ఓ' బ్యాగుతోనూ కలవకపోతే బొంబాయి గ్రూపు అనే అరుదైన గ్రూపు గుర్తుకు రావాలి. 1952లో భెండే బృందం బొంబాయిలోనే కనిపెట్టింది. వాళ్ళకి బొంబాయి గ్రూపే పడాలి, ఇంకే దారీ లేదు.

మెలకువగా ఉన్న పిల్లాడు చలి, నడుం నొప్పి అని చెప్తాడు. మత్తులో ఉన్నవాడు చెప్పడు. కారణం లేకుండా బీపీ పడటం, కోసిన చోటల్లా ఊటలా రక్తం రావడం, మూత్రం సంచీలో ఎరుపు, ఈ మూడే మనకి దొరికే గుర్తులు. వెంటనే రక్తం ఆపండి, సెట్టు మొత్తం మార్చి సెలైన్ పెట్టండి, లేబుల్ మళ్ళీ చదవండి. బ్యాగు పారెయ్యకండి. సెట్టుతో సహా బ్యాంకుకి, దాంతో కొత్త శాంపిల్, మూత్రం పంపండి. ఇంకో బిడ్డ బ్యాగు అటు మారిపోయి ఉందేమో కూడా అదే క్షణంలో చూడాలి, ఒక బ్యాగు తప్పు మంచానికి వెళ్తే రెండోది కూడా తప్పు మంచానికే వెళ్ళి ఉండే అవకాశం ఎక్కువ.

(సభలో ప్రశ్న: బిడ్డని విశాఖ పంపేటప్పుడు ఏ కాగితాలు పెట్టాలి, గ్రూపు కార్డు సరిపోదా?)

సరిపోదమ్మా. కార్డు చూసి ఎవరూ రక్తం ఇవ్వరు, ఇవ్వకూడదు, అక్కడ మళ్ళీ తీస్తారు. మీరు రాయాల్సినవి వేరే. ఇప్పటిదాకా ఎన్ని బ్యాగులు, ఏ తేదీల్లో పడ్డాయి. ఎప్పుడైనా రియాక్షన్ వచ్చిందా, యాంటీబాడీ ఉందని ఏ ల్యాబ్ అయినా చెప్పిందా. హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, దాని పక్కన శాంపిల్ రక్తం ఎక్కించక ముందా తర్వాతా. నాలుగు నెలల లోపు బిడ్డ అయితే తల్లిని కూడా అదే బండిలో ఎక్కించండి, ఆమె శాంపిల్ కావాలి. పాలకి ఎలాగూ కావాలి. గ్రూపు కార్డు కూడా పెట్టండి, వాళ్ళు తీసిన గ్రూపు దాంతో తేడా వస్తే ఎక్కడో ఒక ట్యూబు మారిందని తెలుస్తుంది.